'నిర్మాణం' అంటే నిలిచిపోయేదేనా?

నల్లకుంట నుంచి:
ఇంటర్ పిల్లల కోసం కణజీవశాస్త్ర వ్యాసం ఒకటి తెలుగులో రాస్తున్నాను. కణం లోపల ఉండే సన్నని గొట్టం మైక్రోట్యూబ్యూల్‌ను 'సూక్ష్మనాళిక' అన్నాను. దాన్ని కట్టే ప్రోటీన్ ట్యూబ్యులిన్‌ను 'నాళికా నిర్మాణ ప్రోటీన్' అనవచ్చా?

తార్నాక నుంచి:
సూక్ష్మనాళిక ఉండనివ్వండి, పాఠాల్లో స్థిరపడింది. ట్యూబ్యులిన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇన్సులిన్, హిమోగ్లోబిన్ మనవి అయిపోలేదా? 1968లో జపాన్ జీవశాస్త్రవేత్త హిదెయో మోరి ట్యూబ్యులిన్ అనే పేరు వాడారు. మన తెలుగు అకాడమీ పుట్టిందీ ఆ ఏడే. అప్పుడే అడిగి ఉంటే ఏ పేరు పెట్టేవారో!

నా పేచీ 'నిర్మాణ'తో. ఆ మాట వినగానే కట్టి వదిలేసిన గోడ గుర్తొస్తుంది. ఇక్కడ జరిగేది వేరు. ఆల్ఫా, బీటా ట్యూబ్యులిన్‌లు జంట కడతాయి. జంటలు ఒకదాని వెనుక ఒకటి చేరి దారం లాంటి పోగు అవుతాయి. సాధారణంగా 13 పోగులు పక్కపక్కన అతుక్కుని సుమారు 25 నానోమీటర్ల వ్యాసం గల గొట్టమవుతుంది. బీటా పట్టుకొచ్చిన జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువు, గొట్టంలో చేరాక ఒక ఫాస్ఫేట్ పోగొట్టుకుని జీడీపీగా మారిపోతుంది. కొసన జీటీపీ జంటలున్నంత వరకు గొట్టం పెరుగుతుంది. అవి తరిగిపోయాయా, పోగులు విచ్చుకుని గొట్టం చకచకా కురచనైపోతుంది. ఈ చంచలత్వాన్ని 1984లో మిచిసన్, కిర్ష్నర్ అనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. అందుకే 'కూర్పు ప్రోటీన్' అంటే మేలు.

ఉప్పల్ నుంచి:
అన్నీ చంచలమే అంటే ఒప్పుకోనండి. మోరి పరిశీలించినవి సముద్రపు అర్చిన్లనే ముళ్ల ఒంటి జీవుల శుక్రకణాల తోకలు. ఆ తోకల్లోని నాళికలు గట్టిగా నిలిచే ఉంటాయి. అక్కడ 'నిర్మాణ' తప్పెలా అవుతుంది? నాకు 'నాళిక' మీదే అనుమానం: లోపల ఏదో పారుతుందని పిల్లలు అనుకుంటారు. కైనెసిన్, డైనీన్ అనే మోత ప్రోటీన్లు కణంలో సరుకు మోసుకుంటూ నడిచేది దాని బయటి ఒంటి మీద. ఆ ముక్క తప్పక రాయండి.

పిల్లలకు ఉదాహరణ కావాలంటే మన పెరళ్లలో బిళ్ళగన్నేరు ఉంది. దాని నుంచి తీసే విన్‌క్రిస్టిన్ ట్యూబ్యులిన్ జంటలను గొట్టంగా కూడనివ్వదు. టాక్సాల్ అందుకు తలకిందులు, కూడినదాన్ని విడిపోనివ్వదు. ఏది చేసినా కణ విభజన ఆగుతుంది. రెండూ క్యాన్సర్ మందులే.

నల్లకుంట నుంచి:
'కూర్పు' అంటే మా పిల్లలకు కథల సంకలనం తోస్తుంది, తార్నాక వారు మన్నించాలి. విశేషణం తీసేసి 'కణం అవసరాన్ని బట్టి కూడుతూ, విడిపోతూ, కొన్నిచోట్ల నిలకడగా ఉంటూ' అని వాక్యమే రాస్తాను. బిళ్ళగన్నేరు బొమ్మ కూడా వేయిస్తాను.