బతుకమ్మ రోజు పాత ఫొటోలు, పాత సామాన్ల గది: వాలంటీర్లు అందరు ఈ థ్రెడ్‌లనే రాయండి

ఓరుగల్లు ఆడబిడ్డ:
అందరికి నమస్తే. కమిటీ ఒప్పుకున్నది, బతుకమ్మ ఆడే పెద్ద హాల్ పక్కన చిన్న గది ఈసారి మనకే, పొద్దున సెటప్ చేస్కొని రాత్రి ఊడ్చి తాళం అప్పజెప్పాలె. టాపిక్ ఇంకోసారి రాస్తున్న ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల ఒక్కొక్కరు ఒక్కో తీర్గ అర్థం చేస్కున్నరు. నిజాం కాలం నుంచి 1960ల దాకా మన ఇండ్లల్ల, పొలాల కాడ, అంగట్ల, బడిల రోజూ వాడిన సామాను, ఆ కాలంల దిగిన ఫొటోలు. గంతే. చార్మినార్ పోస్టుకార్డులు, నిజాం నగలు, ఫలక్‌నుమా డైనింగ్ టేబుల్ వద్దు, అవి ఫోన్ల కొడ్తే అర సెకండ్ల వస్తయ్, దానికి ఇంగ్లండ్‌ల హాల్ కిరాయి కట్టుడెందుకు.

ప్రతి సామాను పక్కన ఒక కార్డు. కార్డు మీద మూడే ముచ్చట్లు: ఎవరింట్లది, ఎవరు వాడేటోళ్ళు, ఏ పనికి. తెల్వని గీత ఖాళీగ వదిలేయండి, అందంగ ఉంటదని కల్పించి రాయకండి. ఇగ ‘ఫలానా జాతి వారి పనిముట్టు’ అనే పాత మ్యూజియం భాష అస్సలు వద్దు. మోకు పెడితే ‘తాటిచెట్టు ఎక్కెటప్పుడు గీతకార్మికుడు నడుముకు వేసుకునేది’ అని రాయండి, ఆ మోకు వాడిన తాత పేరు ఇంటోళ్ళు చెప్తే అది పెద్దక్షరాలల్ల రాయండి.

హాల్ చూస్కునేటోడు:
అక్కా, హాల్ వాళ్ళ రూల్స్ అడిగి వచ్చిన. గోడకు మేకు లేదు, బ్లూటాక్ (కాగితాలు అంటించే జిగురు ముద్ద) కూడ లేదు, పెయింట్ ఊడుతదట. నిలబెట్టే బోర్డులు వాళ్ళ స్టోర్ల ఉన్నయ్, ఫ్రీగనే ఇస్తరు కని మనమే మోసుకోవాలె. కందీలు, చిమ్నీ దీపాలు పెట్టొచ్చు గాని వెలిగియ్యొద్దు, గాసునూనె వాసన వచ్చినా ఫైర్ అలారం ముచ్చట అయితది, కాబట్టి ఖాళీ చేసి కడిగి తేండి. ఇసుర్రాయి తెస్తనన్న అన్న ఎవరో గాని, మడత టేబుల్ మీద పెట్టకండి, కింద దుప్పటి ఏసి పెడదాం, లేకుంటే పిల్లగాళ్ళ కాళ్ళ మీద పడ్తది.

పాలమూరు పిల్లగాడు:
నేను ఆగస్టుల ఇంటికి పోతున్న అక్కా. మా ఇంట్ల అటక మీద మస్తు సామాను ఉంది, ఇత్తడి సర్వలు, తాత పాందాను (తమలపాకుల డబ్బా), హాలి సిక్కాలు (నిజాం సర్కార్ నాణేలు) ఒక మూట, మా నానమ్మ పులిగోరు గొలుసు, తాటాకు కట్ట ఒకటి దేవుని అర్రల ఉంది. 30 కిలోల బ్యాగేజ్ ఉంది, రెండు సూట్‌కేసులల్ల సర్దుకొని వస్త. ఇంకెవరిదన్న తేవాల్నా?

ఓరుగల్లు ఆడబిడ్డ:
ఆగు తమ్మీ, ఆగు. బ్యాగ్ సర్దకముందే ఇది చదువు, వేరేటోళ్ళు కూడ చదవండి.

మన దేశంల పురావస్తువుల చట్టం 1972 అని ఉంది, వందేళ్ళు దాటిన నాణెమైనా, బొమ్మైనా, లోహపు సామానైనా బయటి దేశానికి సొంతంగ పట్టుకపోవుడు కుదరదు, చరిత్రకో సాహిత్యానికో పనికొచ్చే రాతప్రతి అయితే 75 ఏళ్ళకే ఆ లెక్క వర్తిస్తది. అంటే నీ తాటాకు కట్ట దేవుని అర్రలనే ఉండనీ. సిక్కాల మూట కూడ అట్లనే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం చార్మినార్ రూపాయి దొరికిందంటే అది ఎప్పుడో వందేళ్ళు దాటింది. పులిగోరు గొలుసు అయితే ముట్టకు కూడ, అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తది, అది కూడ 1972దే, ఇటు ఇంగ్లండ్ కస్టమ్స్‌ల దొరికినా అంతే సంగతి. ‘మా నానమ్మది, సెంటిమెంట్’ అంటే ఎయిర్‌పోర్టుల ఎవరూ ఇనరు.

దాని బదులు ఈ పని చెయ్యి. వాటిని అక్కడనే పగటి వెలుగుల, తెల్లబట్ట మీద పెట్టి ఫొటో తియ్యి, పక్కన స్కేలు పెట్టు సైజు తెలుస్తది, ముందు వెనక రెండు. మీ నానమ్మను పక్కన కూసోపెట్టి ఆ గొలుసు ఎవరికి ఏసిన్రు, ఎందుకు ఏసిన్రు అని ఫోన్ల రికార్డ్ చెయ్యి. గదిల ఆ గొంతు ఇనిపిస్తే గొలుసు లేదని ఎవరికి యాదికి కూడ రాదు. ఇత్తడి సర్వ కొత్తదే, పెండ్లిల పెట్టింది అని ఖాయంగ తెలిస్తే అది తెచ్చుకో.

పాలమూరు పిల్లగాడు:
నానమ్మను రికార్డ్ చేసుడంటే గొలుసు ముచ్చట తక్కువ, మా పెద్దనాయిన మీద కంప్లైంట్లు ఎక్కువ వస్తయ్ అక్కా 😄 ఐనా చేస్త.

స్కానింగ్ డెస్క్:
ఫొటోలు నాకు పంపేటోళ్ళు కొంచెం ఇవి చూస్కోండి. ఫోన్‌తో తీసి వాట్సాప్‌ల పంపితే సైజు చిన్నగయితది, పెద్ద ప్రింట్ తీస్తే మొకాలు మసక మసక. ప్రింట్ ఇంట్ల ఉంటే స్కానర్ మీద 600 డీపీఐ, టిఫ్ ఫైల్, పాస్‌పోర్ట్ సైజు అంత చిన్నగుంటే 1200 పెట్టండి. వెనక పక్క కూడ స్కాన్ చేయాలె, అది చాలామంది మర్చిపోతరు, కాని స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేరు, అసలు సంగతంత ఆడనే ఉంటది.

ఫ్రేముల గాజుకు అతుక్కున్న ఫొటోను గోరుతో లేపుదామని చూడకండి, మొకం గాజు మీదనే ఉండిపోతది. గాజుతోనే ఉంచి, ఫ్లాష్ లేకుండ, కెమెరా వెనక నల్లబట్ట పట్టుకొని తీస్తే మెరుపు రాదు. జిగురు పేజీల ఆల్బమ్‌లైతే దంతాల సందుల వాడే ఫ్లాస్ దారం ఫొటో కిందికి పంపి మెల్లగ రంపం తీర్గ లాగండి. లామినేషన్ మాత్రం వద్దు, దండం పెడ్త.

ఇంకోటి. నిన్న ఒక అక్క 1950లది ఒక ఫొటో పంపిన్రు, స్టూడియోల దిగింది. కుర్చీల మొగాయన, పక్కన నిలబడ్డ ఆడామె, వెనక గుడ్డ మీద గీసిన మేడ మెట్లు, ముందల ఒక సైకిల్. సైకిల్ స్టూడియోదో సొంతదో తెల్వదు గాని ఆయన చెయ్యి హ్యాండిల్ మీద ఎంత గట్టిగ ఉందో చూడండి. ఆమె గోచి పెట్టి చీర కట్టుకున్నది, మోచేతి దాక పచ్చబొట్లు, కాళ్ళకు కడియాలు. 600ల స్కాన్ చేస్తే పచ్చబొట్ల చుక్కలు లెక్కపెట్టొచ్చు. కార్డు మీద ‘మా తాతగారు’ అని ఒక్కటే రాసి పంపిన్రు. ఆమె పేరు కావాలె నాకు.

కరీంనగర్ వదినె:
ఆ ఫొటో నేనే పంపిన. మా అత్తమ్మను అడిగి రాస్త, నిజమే, ఎవరం అడగనే అడగలేదు.

యూత్ టీమ్:
అక్కా మాకు ఒక బోర్డు ఇచ్చిన్రు కదా హైదరాబాద్ మీద, మూసీ వరదల ఫొటోలు దొరికినయ్, 1908 సెప్టెంబర్ 28, ఇండ్లు కూలిపోయి వంతెన మీద మనుషులు నిలబడ్డరు. ఫార్వర్డ్‌ల ‘రాజా దీన్‌దయాళ్ తీసినవి’ (నిజాం కాలం ఫొటోగ్రాఫర్) అని ఉంది, అదే పెడ్తున్నం. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు మీద 150 మంది ఎక్కి బతికిన్రు అనేది కూడ పెడ్తం.

స్కానింగ్ డెస్క్:
దీన్‌దయాళ్ 1905లనే పోయిండు బిడ్డా, 1908 వరదను ఎట్ల తీస్తడు. తర్వాత కొడుకులు నడిపిన స్టూడియో పని కావొచ్చు, వేరేటోళ్ళు తీసినవి కూడ ఉంటయ్, ఫొటో వచ్చిన జాగ చూడకుండ పేరు పెట్టకండి. చింతచెట్టు ముచ్చట పెట్టండి, ఆ చెట్టు ఉస్మానియా దవాఖాన ఆవరణల ఇప్పటికి ఉంది, ఆ లెక్క మాత్రం ‘150 మంది అని చెప్తరు’ అనే రాయండి. ఆర్టీసీ బస్సు నంబర్ల Z అక్షరం నిజాం అమ్మ పేరు మీద వచ్చింది అనేది కూడ అదే తీర్గ. కాని 1932ల నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో మొదలుపెట్టిన్రు అనేది పక్కానే, ఆ బస్సుల ఫొటో దొరికితే పెట్టండి, ఊర్లకు బస్ వచ్చుడంటే అది రోజువారీ బతుకే కదా.

దీన్‌దయాళ్‌ది పెట్టాల్నంటే 1892ల హైదరాబాద్‌ల ఆయన తెరిచిన జనానా స్టూడియో గురించి రాయండి. పరదా పాటించే ఆడోళ్ళ ఫొటోలు తీసేతందుకు, నడిపింది కూడ ఆడామెనే. ఇంకా ఆయన తీసిన షికారు (వేట) ఫొటోలు ఉంటయ్ చూడండి, కుర్చీలల్ల దొరలు, కింద చచ్చిన పులి. అందరు పులిని చూస్తరు. వెనక వరుసల తలపాగలతో నిలబడ్డోళ్ళు ఉంటరు కదా, అడవిల పులిని తోలుకొచ్చింది వాళ్ళు, ఒక్కరి పేరు ఉండదు. ఒక షికారు ఫొటో పెద్దగ ప్రింట్ తీసి ఆ వెనక వరుస చుట్టు గీత గీసి పెడదామా? ఆయన ఫొటోల 1892 ఆల్బమ్ ఒకటి బ్రిటిష్ లైబ్రరీల ఉంది, ఆయనది కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది గాని లైబ్రరీ స్కాన్ వాడాల్నంటే వాళ్ళ షరతులు వేరే, మెయిల్ నేను పెడ్త.

యూత్ టీమ్:
గీత గీసుడు సూపర్ ఐడియా అంకుల్. ఇంకొకటి, ఒకాయన వాళ్ళ నాయిన బడి సర్టిఫికెట్ ఇచ్చిన్రు, అంత ఉర్దూల ఉంది, మెహర్ 1355 అని చదివి చెప్పిన్రు. హిజ్రీ అనుకొని మార్చినం, 1936 వస్తున్నది.

ఓరుగల్లు ఆడబిడ్డ:
అది హిజ్రీ కాదు, ఫసలీ. నిజాం సర్కార్ కాగితాలన్ని ఫసలీలనే. ఏడాది అక్టోబర్ మొదట్ల ఆజూర్ నెలతోటి మొదలయితది, ఆజూర్, దై, బహమన్, గట్ల పోతది. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యదైతే 590 కలపండి, జనవరి నుంచైతే 591. మెహర్ అంటే పదకొండో నెల, ఆగస్టు దగ్గర పడ్తది, కాబట్టి 1946. పదేండ్ల ఫరక్ వస్తది చూడండి, ఆయన నాయిన పుట్టకముందే బడి పాసయినట్టు రాస్తుంటిరి. పోలీస్ యాక్షన్ అయిన 1948 సెప్టెంబర్ ఫసలీ లెక్కల 1357, గది యాది పెట్టుకుంటే మిగిలినయ్ సులువుగ కుదురుతయ్.

భూమి కాగితాలు, పహాణీలు, సేత్వార్లు ఎవరు పంపినా బోర్డు మీద పెట్టకండి. ఇంకా పాలోళ్ళ (దాయాదుల) కేసులు నడుస్తున్నయ్, ఆ సర్వే నంబర్ ఫొటో తీస్కొని ఎవరో ఊరికి పంపితే బతుకమ్మ కాడనే లొల్లి.

కరీంనగర్ వదినె:
నా టేబుల్ కొలతలది. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం వరుసగ పెడ్త, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఒక బేసిన్ల బియ్యం పోస్త, పిల్లలే కొలిచి చూస్కుంటరు. కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకుండ ‘లాభం’ అని మొదలు పెట్టేటోళ్ళు కదా, అది కూడ నేర్పిస్త. లీటర్ల లెక్క కార్డు మీద రాయమంటరా?

పాలమూరు పిల్లగాడు:
వదినె మా దిక్కు మానిక మీ మానికకంటే పెద్దది అని మా అమ్మ కొట్లాడుతది.

కరీంనగర్ వదినె:
అందుకే లీటర్లు వద్దనిపిస్తున్నది తమ్మీ. మీ అమ్మకు మానిక ఉంటే అది కూడ తెమ్మను, రెండు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లది ఇంకోదాంట్ల పోస్తే అందరి ముందల తేలుతది. కేంద్రం మీటర్లు కిలోలు తెచ్చింది 1958ల, ఆ తర్వాత కూడ మా ఇంట్ల వడ్లు కుంచంతోనే కొలిచిన్రు.

సిక్కాల ఫొటోలు నా టేబుల్ పక్కనే పెడితే మంచిది, అవి కూడ లెక్కలే. ఏడు హాలి రూపాయలిస్తే ఆరు కల్దార్లు, అంటే ఇంగ్లీషోళ్ళ రూపాయలు. బార్డర్ ఊర్లల్ల కూరగాయలు అమ్మేటోళ్ళు కూడ ఈ లెక్క నోటికి చేసేటోళ్ళట, ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఫోన్ లేకుండ చేయమని ఒక ఆట పెడ్త. హైదరాబాద్ నోటు ఫొటో పెద్దగ తియ్యండి, ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం అన్ని దాని మీద కనపడాలె.

యూత్ టీమ్:
ఆదిలాబాద్ గోండుల ఫొటోలు కూడ దొరికినయ్, హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లల్ల తీసినవి, లండన్ సోయాస్ యూనివర్సిటీ వాళ్ళ దగ్గర ఉన్నయ్. ‘కనుమరుగైన జీవితం’ అని హెడ్డింగ్ అనుకుంటున్నం.

ఓరుగల్లు ఆడబిడ్డ:
ఫొటోలకు ఓకే, సోయాస్‌కు రాసి పర్మిషన్ తీస్కుందాం. హెడ్డింగ్ తీసెయ్యండి. గోండులు ఎక్కడికి పోలేదు, ఆ ఫొటోలల్ల ఉన్నోళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు మార్లవాయిల ఇయ్యాల కూడ ఉన్నరు. 1940ల కొమురం భీం చనిపోయినంక ఆదివాసీల బాధలేందో తెలుసుకోమని నిజాం సర్కారే ఈ హైమెన్‌డార్ఫ్‌ను పంపింది, ఆ సంగతి లేకుండ ఉత్త నగలు, డోళ్ళు, నాట్యం ఫొటోలు పెడితే అది అందం చూపెట్టుడు అయితది. ఊరు పేరు, ఏడాది రాయండి, చాలు. సగం బట్టలతోటి ఉన్నోళ్ళ ఫొటోలు వద్దు, వాళ్ళను ఎవరు అడిగి తీసిన్రో మనకు తెల్వదు.

హాల్ చూస్కునేటోడు:
ఇగ ఎవరికి ఏ డ్యూటీ అన్నది పక్కా చేద్దాం. గది తలుపు కాడ ఇద్దరు ఎప్పుడూ ఉండాలె, గంట గంటకు మారాలె, లేకుంటే వాళ్ళకు బతుకమ్మ ఆడే మోక ఉండదు. ఫుడ్ గదిలకు రానియ్యొద్దు, సత్తుపిండి చేతులతోటి ఫొటోలు ముట్టుకుంటే అయిపాయె. అన్న ఎవరో గొంగడి తెస్తనన్నరు, దాని సంగతేంది?

ఓరుగల్లు ఆడబిడ్డ:
మా మామయ్యది అది, నల్ల గొర్రె ఉన్నిది, చింతగింజల గంజి పెట్టింది, ఇప్పటికి గట్టిగ చెక్క తీర్గ నిలబడ్తది. నిలబెడ్త కూడ. కాని ఏండ్ల నుంచి ట్రంకుల ఉంది, పురుగు పట్టిందేమో అనుమానం, అట్లనే తెస్తే ఆ గదిల ఉన్న పట్టుచీరెలకు ఎక్కుతది. పాలిథిన్ కవర్ల గట్టిగ చుట్టి రెండు వారాలు ఫ్రీజర్ల పెడితే గుడ్లతో సహా చస్తయ్. మా ఫ్రీజర్ల జాగ లేదు, గోంగూర, తాటిముంజలు, మా అత్తమ్మ పంపిన ఎండు చేపలు నిండున్నయ్. ఎవరింట్లనన్న పెద్దది ఉందా?

స్కానింగ్ డెస్క్:
మా గ్యారేజ్‌ల చెస్ట్ ఫ్రీజర్ ఉంది, సగం ఖాళీనే. శనివారం స్కానింగ్‌కు వచ్చెటప్పుడు పట్టుకరండి, కని చుట్టూ రెండు కవర్లు ఏయండి, లోపల మటన్ ఉంది.

కరీంనగర్ వదినె:
అత్తమ్మకు ఫోన్ చేసిన. ఫొటోల ఉన్న ఆమె రాజవ్వ, మా మామయ్య వాళ్ళ అమ్మ. సైకిల్ స్టూడియోదేనట.