సంఘానికి వెబ్‌సైట్ పెడుతున్నాం: మొదటి పేజీలో ఏముండాలి?

ప్రశ్న: సంఘ కార్యదర్శి, ఏలూరు ప్రాంతం

అందరికీ వందనాలు. మాది ఏలూరుకు దగ్గరలో ఉన్న ఒక సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చి. చాలా కుటుంబాల పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికా, గల్ఫ్ దేశాల్లోనో స్థిరపడ్డారు. క్రిస్మస్ నాటికి వెబ్‌సైట్ సిద్ధం చేయాలని పాస్టరేట్ కమిటీ తీర్మానించింది. మొదటి పేజీలో బిషప్ గారి, అయ్యగారి (పాస్టర్ గారి), కమిటీ సభ్యుల ఫోటోలు, వాటి కింద మిషనరీల కాలం నుంచి సంఘ చరిత్ర, పైన కదిలే అక్షరాలతో బైబిలు వాగ్దాన వచనం ఉండాలని పెద్దలు కోరుతున్నారు. యవ్వనస్థులేమో వాట్సాప్ గ్రూపు, యూట్యూబ్ ఛానల్ ఉండగా మళ్లీ ఈ ఖర్చు దేనికని అడుగుతున్నారు. ఇప్పటికే సైట్ నడుపుతున్నవారు మొదటి పేజీలో ఏమి ఉంచారో, కానుకలు ఆన్‌లైన్‌లో తీసుకునే విషయంలో ఏ జాగ్రత్తలు పాటిస్తున్నారో దయచేసి తెలియజేయగలరు.

జవాబు: గుంటూరు లూథరన్ సంఘ సభ్యుడు, సైట్ నిర్వహణ

వందనాలు కార్యదర్శి గారూ. వాట్సాప్ గ్రూపు ఇప్పటికే సంఘంలో ఉన్నవారి కోసం. సైట్ ఆ గ్రూపులో లేనివారి కోసం. ఈ తేడా కమిటీకి అర్థమైతే మొదటి పేజీ గొడవ సగం తీరుతుంది. బదిలీపై ఏలూరు వచ్చిన బ్యాంకు ఉద్యోగి శనివారం రాత్రి ఫోన్‌లో వెతికేది కమిటీ సభ్యుల ఫోటోల కోసం కాదు. రేపు ఆరాధన ఎన్నింటికి, తెలుగులోనా ఇంగ్లీషులోనా, ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షారసం) ఏ ఆదివారం ఇస్తారు, బస్టాండు నుంచి ఎటు రావాలి, పిల్లలకు సండేస్కూల్ ఉందా అన్నవే ఆయనకు కావాలి. ఇవన్నీ వేలితో పైకి తోయకుండానే ఫోన్ తెరపై కనిపించాలి. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన, క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి కూడిక వంటి సందర్భాల్లో వేళలు మారతాయి కాబట్టి వాటిని వారం ముందే మార్చే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. నిరుటి క్రిస్మస్ వేళలు వేసవి దాకా కనిపించే సైట్ కంటే అసలు సైట్ లేకపోవడమే నయం. అలాగే గూగుల్ మ్యాప్స్‌లో మీ గుడి పేరు, వేళలు, ఫోన్ నంబరు సరిగా ఉన్నాయో లేదో చూడండి. చాలామంది సైట్ కంటే ముందు అదే చూస్తారు.

కమిటీలకు తట్టని పేజీ ఇంకొకటి ఉంది. దూరాన ఉన్నవారు సంఘ కార్యాలయానికి ఎక్కువగా ఫోన్ చేసేది బాప్తిస్మ ధ్రువపత్రం కోసమో, పెళ్లి ప్రకటన కోసమో. బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు, తల్లిదండ్రుల పేర్లు, సుమారుగా సంవత్సరం, దరఖాస్తు ఎవరికి పంపాలి, తమ తరఫున ఇంకొకరు వచ్చి తీసుకోవచ్చా, రుసుము ఎంత అనే వివరాలు ఒక పేజీలో స్పష్టంగా రాసి ఉంచండి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలన్న సంగతి కూడా అక్కడే చెబితే, ఇంకా పది రోజుల్లో ముహూర్తం అనగా పరుగెత్తుకొచ్చేవారు కొంత తగ్గుతారు.

జవాబు: డి.టి.పి., వెబ్ డిజైన్ పని చేసేవాడిని, రాజమండ్రి

ఫోటోల సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను అక్షరాల గురించి చెబుతాను. మీ సంఘ పత్రిక, కరపత్రాలు బహుశా ‘అను’ అనే పాతరకం, యూనికోడ్ కాని ఫాంట్లలో కంపోజ్ అయి ఉంటాయి. ఆ పాఠాన్ని యథాతథంగా తెచ్చి సైట్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చిరాత కనిపిస్తుంది. అందుచేత దాన్ని అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, సున్నలు ఒకరు కూర్చుని సరిచూడాలి, ముఖ్యంగా వాక్యభాగాల్లో. ఈ శ్రమ తప్పించుకోవడానికి చాలామంది పోస్టరునే బొమ్మగా పెట్టేస్తారు. బొమ్మలోని తెలుగు వెతుకులాటలో సరిగా దొరకదు, చిన్న ఫోన్‌లో చదవడానికి రాదు, చూపు సరిగా లేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఫాంట్లు సరిపోతాయి. వరుసల మధ్య ఎడం మాత్రం ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస అక్షరాల మీది గుడులకు తగులుతాయి. కదిలే అక్షరాలు వద్దనే నా సలహా.

డొమైన్ పేరు (సైట్ చిరునామా) డిజైనరు పేరిట గానీ, ప్రస్తుత కార్యదర్శి సొంత ఈమెయిల్‌తో గానీ నమోదు చేయించకండి. సంఘం పేరిట ఒక ఈమెయిల్ తెరిచి, కమిటీ మారినప్పుడు రిజిస్టర్లతో పాటు దాని పాస్‌వర్డ్ కూడా అప్పగించేలా తీర్మానం రాసుకోండి.

జవాబు: సంఘ ఖాతాలు చూసే ఆడిటర్, విజయవాడ

కానుకల విషయంలో తొందర వద్దు. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాకే చెందాలి, అయ్యగారి లేదా కోశాధికారి సొంత నంబరుకు కాదు. అంతకంటే ముఖ్యమైనది 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. విదేశాల్లో ఉంటున్నా భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్ము విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, రూపాయల్లో ఇచ్చినా సరే, అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేనిదే దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత అలాంటి సొమ్ము న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ మీ సంఘానికి వర్తిస్తుందో, డయోసీస్ (బిషప్ గారి అధ్యక్షతలోని మండలం) ద్వారా వెళ్లాలో ముందే విచారించి, ‘భారత పౌరులు మాత్రమే’ అన్న మాట కానుకల పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ప్రార్థన విన్నపాలు, బాప్తిస్మాల ఫోటోలు వారం వారం సైట్‌లో పెట్టాలని స్త్రీల సమాజం కోరుతోంది. పెట్టవచ్చా?

జవాబు: స్త్రీల సమాజం సభ్యురాలు, మచిలీపట్నం

గుడిలో పేరు చెప్పి ప్రార్థించడం వేరు, ఆ పేరు, జబ్బు ఇంటర్నెట్‌లో నిలిచిపోవడం వేరు. కిడ్నీ జబ్బు అని రాసిన పెళ్లికాని అమ్మాయి పేరు రేపు సంబంధం చూసేవారి కంట పడవచ్చు. విన్నపం పంపడానికి ఫారం పెట్టండి, అది అయ్యగారికి మాత్రమే చేరేలా చూడండి, సైట్‌లో మాత్రం ప్రచురించకండి. బాప్తిస్మం తీసుకున్నవారి ఫోటో వారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పెట్టాలి. ఇంట్లో ఇంకా చెప్పుకోనివారు కూడా ఉంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది కాబట్టి సండేస్కూల్ పిల్లల ఫోటోల కింద పేర్లు రాయవద్దు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, మచిలీపట్నం

పై సలహాలన్నీ సబబే గానీ, చరిత్రను మూలకు నెట్టేయకండి. దానికి వేరే పేజీ ఇచ్చి, ఆ పేజీని నిండుగా చేయండి. 1841లో మిషనరీలైన ఫాక్స్, నోబుల్ దొరలు మచిలీపట్నంలో దిగిన సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. మీ గుడి శంకుస్థాపన రాయి మీద ఏముందో మీ సైట్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు. గోడ మీది పాస్టర్ల పట్టిక, గంట మీద పోత పోసిన అక్షరాలు, సమాధుల తోటలోని పాత ఫలకాలు ఫోటో తీసి, ప్రతి ఫోటో కింద అందులోని మాటలను టైపు చేయించండి. అరిగిపోయిన చెక్కడాలకు మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు. ఉదయం ఏడింటప్పుడు వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు తీస్తే అక్షరాలు తేటగా వస్తాయి. రాళ్లకు సున్నం, పెయింటు మాత్రం పూయనివ్వకండి.