మనూరి చెరువును ఇంగ్లీష్‌ల ట్యాంక్ అనాల్నా, లేక్ అనాల్నా?

పానగల్లు ఆయకట్టు:
మా బిడ్డ ఏడో తరగతి. ఇంగ్లీష్‌ల మా ఊరు గురించి రాయమంటే, మా ఊర్ల పెద్ద ట్యాంక్ ఉన్నది దాని కింద వరి పండుతది అని రాసింది. బడిల ట్యాంక్ కొట్టేసి లేక్ అని దిద్దిన్రు, ట్యాంక్ అంటే ఇంటి మీద పెట్టేదట. చెరువు కాయిదాలల్ల నేను ఎప్పుడు చూసినా ట్యాంక్ అనే ఉన్నది, మరి ఏది కరెక్టు? ఇంగ్లీష్ మంచిగ తెలిసినోళ్లు చెప్పున్రి.

టెక్సాస్‌ల నల్లగొండోడు:
బడోళ్లు దిద్దింది కరెక్టే అన్నా. ఇక్కడ ట్యాంక్ అంటే కార్ల పెట్రోల్ పోసేది, చేపలు పెంచే అద్దాల డబ్బా, లేకుంటే యుద్ధంల తిరిగే బండి. ట్యాంక్ కింద వరి ఏస్తం అంటే ఎవ్వరికీ సమజ్ కాదు. రేపు పిల్లలు బయటి పరీక్షలు రాయాలె, పై చదువులకు పోవాలె, ప్రపంచమంతా ఏమంటదో అదే నేర్పితే వాళ్లకే మంచిది.

పాలమూరు ఇంగ్లీష్ సార్:
తమ్మీ, ఒక్క మాటకు ఒక్కటే అర్థం ఉండాలంటే ఇంగ్లీషే నడువదు. ట్యాంక్ అన్న మాట ఇంగ్లీష్‌లకు పోయిందే మన దిక్కు నుంచి. గుజరాతీ, మరాఠీల నీళ్లు నిలువ చేసే నేలతొట్టిని టాంకి, టాకె అంటరు, పోర్చుగీస్‌ల చెరువును టాంకె అంటరు, ఏది ముందు ఏది ఎనుక అని పండితులు ఇంకా కొట్లాడుతరు గని ఈ దేశపు చెరువులను చూసే తెల్లోళ్లు ఆ మాట పట్టుకున్నరు. మన దేశపు మాటలు ఇంగ్లీష్‌ల చేరినయి కూర్చి 1886ల అచ్చేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తీయున్రి, ట్యాంక్ అందుల ఉంటది. మీరనే యుద్ధం బండి చానా ఎనుక వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంల ఇంగ్లాండోళ్లు ఆ బండిని చాటుంగ తయారు చేసుకుంట, ఎవలన్న అడిగితే నీళ్ల తొట్టి చేస్తున్నం అని చెప్పేటందుకు ట్యాంక్ అని పేరు పెట్టిన్రు, 1916 సెప్టెంబర్ 15న సోమ్ యుద్ధంల మొదటిసారి దించిన్రు, పేరు అట్లనే ఉండిపోయింది. అంటే నీళ్ల ట్యాంక్ నుంచి యుద్ధం ట్యాంక్ పుట్టింది. షేర్లు దబ్బున పడిపోతే ట్యాంక్ అయినయ్ అంటరు, చేతులు లేని బనియన్ ట్యాంక్ టాప్ అయింది, ఎందుకంటే ఒకప్పుడు ఈత కొట్టే కొలనును గూడ ట్యాంకే అనేటోళ్లు. ఇగ మీ టెక్సాస్ ముచ్చట, అక్కడి రాంచులల్ల పశువులు తాగేటందుకు తవ్విన కుంటను స్టాక్ ట్యాంక్ అంటరు, ఊర్ల దిక్కు పోయి అడుగు.

టెక్సాస్‌ల నల్లగొండోడు:
స్టాక్ ట్యాంక్ నిజమే సార్, రాంచుల బోర్డు గూడ చూసిన. కానీ అది ఆడి రైతులు అనే మాట, బడిల నేర్పే మాట కాదు. హుస్సేన్‌సాగర్‌నే అందరూ లేక్ అంటున్నరు గదా.

తూము కాడి మనిషి:
హుస్సేన్‌సాగర్ లేక్ అయితే దాని కట్టను ట్యాంక్ బండ్ అని ఎందుకంటున్నరు తమ్మీ? పాలమూరు పెద్ద చెరువు కాడ, సూర్యాపేట సద్దుల చెరువు కాడ మినీ ట్యాంక్ బండే కట్టిన్రు, మినీ లేక్ బండ్ అని ఎవ్వరన్నరు? నాకు ఇంగ్లీష్ అంతగ రాదు గని చెరువు తెలుసు. లేక్ అంటే దానంతటదే ఏర్పడ్డది గూడ అయితది. చెరువు మనిషి కట్టింది. కట్ట ఉంటది, తూము ఉంటది, అలుగు ఉంటది, కింద ఆయకట్టు ఉంటది, నీళ్లిడిసే నీరడి ఉంటడు. లేక్ అన్నంక ఇవన్నీ మాయమై పడవలు, వాకింగ్ ట్రాక్, ఫొటోలు మిగుల్తయి. ఇంకోటి ఇనున్రి, ఇప్పుడు శిఖం భూములల్ల, అంటే చెరువు లోపలి భూములల్ల, ప్లాట్లు చేసేకాడ అందరి నోట్ల ఎఫ్‌టీఎల్ మాటే గదా, అండ్ల టీ అంటే ట్యాంకే, ఫుల్ ట్యాంక్ లెవెల్. పిల్లకు ట్యాంక్ అంటే నల్ల డబ్బా అనే నేర్పితే, రేపు ఆ కాయిదం చదివినప్పుడు అది వాళ్ల చెరువు హద్దు అని ఎట్ల తెలుస్తది? మిషన్ కాకతీయల 46 వేల పైన చెరువులు బాగు చేస్తమన్నప్పుడు ఇంగ్లీష్ కాయిదాలల్ల అన్నీ ట్యాంకులే.

దేవరకొండ అక్క:
నేనూ ట్యాంక్ దిక్కే. కానీ తమ్ముడి భయం గూడ ఉత్తది కాదు, పేపర్ దిద్దేటోళ్లు ఎక్కడోళ్లో ఏమో. మొదటిసారి ఇరిగేషన్ ట్యాంక్ అని రాసి, తర్వాత ఉత్త ట్యాంక్ అని రాస్తే ఎవ్వలకైనా సమజ్ అయితది. మనోళ్లకు ఎట్లాగూ గడబిడ లేదు, మిషన్ భగీరథ నీళ్లెక్కేదాన్ని ట్యాంకి అంటం, చెరువును చెరువే అంటం.

పానగల్లు ఆయకట్టు:
అక్క చెప్పింది నచ్చింది, బిడ్డతో అట్లనే రాయిస్త. మరి మా ఉదయసముద్రాన్ని ఏమనాలె సార్? కందూరు చోడులు కట్టిన చెరువు, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్లు ఎత్తిపోసి నింపుతున్నరు.

పాలమూరు ఇంగ్లీష్ సార్:
పాత కట్ట గురించి రాస్తే ట్యాంక్, ఏఎమ్మార్పీ, అంటే ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు, ఎత్తిపోసే నీళ్ల గురించి రాస్తే బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, ఆ నీళ్లు ఆపి కాలువలకు ఇడిసే జలాశయం అన్నట్టు. రెండూ కరెక్టే. పిల్లలు లేక్ అని రాస్తే మాత్రం, ఏ పరీక్షల రాసింది అయినా సరే, నేను మార్కులు కట్ చేయను గని పక్కన ట్యాంక్ అని రాసి పంపుత.