ఇంట్లో రెయిలింగ్ కోసం వెల్డింగ్ మెషిన్ కొన్నా: మీటరు తట్టుకుంటుందా, ఎర్త్ ఎక్కడ పెట్టాలి, జీఐ పైపు వాడొచ్చా?

మేడమీద_షెడ్ (శనివారం, ఉదయం 7:40)
అందరికీ నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లె. మేడ మీద రేకుల షెడ్డుకీ మెట్ల రెయిలింగ్‌కీ బయట అడిగిన రేటు విని, దానికంటే మెషిన్ కొనుక్కోవడం నయమనిపించి 200 ఆంపియర్ల ఇన్వర్టర్ మెషిన్ ఆన్‌లైన్‌లో తెప్పించా. మూడు డౌట్లు. ఒకటి, ఇంటి మీటరు మీద నడుస్తుందా, ఏ ప్లగ్గులో పెట్టాలి? రెండు, కేబుల్ చాలక ఎర్త్ క్లిప్పు బోరు పైపుకి పెట్టా, పరవాలేదా? మూడు, ఇంట్లో పాత జీఐ (జింకు పూత) పైపులున్నాయి, వాడొచ్చా? నిన్న సాయంత్రం నాలుగు టాకులు (చిన్న చుక్క అతుకులు) కొట్టి చూశా. రాత్రి ఒంటిగంటకి కళ్ళలో ఇసుక పోసినట్టయి లేచి కూర్చున్నా. ఇప్పుడు కాస్త తగ్గింది.

గేట్ల_గుంటూరు (8:15)
తమ్ముడూ, ఆర్క్ కొట్టింది నీకు, అంటే వెల్డింగ్ వెలుగు కళ్ళని కాల్చింది. ఇది పడకుండా వెల్డర్ అయినవాడు లేడు. బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టుకుని పడుకో. 22 ఏళ్ళ సర్వీసులో నేను డాక్టరు దగ్గరికి పోలేదు. అసలు టాక్ కొట్టేటప్పుడు నల్ల గ్లాసు పెట్టుకున్నావా, మొహం పక్కకి తిప్పి కొట్టావా?

మేడమీద_షెడ్ (8:22)
నిజం చెప్పాలంటే టాకులకి కళ్ళు మూసుకున్నా అన్నా. ఒక చేత్తో పైపు పట్టుకోవాలి, ఇంకో చేత్తో రాడ్డు హోల్డరు. గ్లాసు ఏ చేత్తో పట్టుకోను?

చుక్కలమందు (8:50)
బంగాళాదుంప చల్లగా ఉంటుంది, అంతకుమించి ఏమీ చేయదు. తల్లిపాలు పోయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది ఇంకా వద్దు. నా అనుభవం వినండి. ఆరేళ్ళ కింద ఇలాగే పట్టేస్తే మందుల షాపులో ఒక చుక్కల మందు ఇచ్చారు. వేయగానే నొప్పి మాయం. స్వర్గం. గంటకోసారి వేసుకుంటూ మూడు రోజులు పని చేశా. నాలుగో రోజు కంటి డాక్టరు సీసా చూసి లేచి నిలబడ్డారు. అది మత్తు చుక్కలట. నొప్పి తెలియనివ్వదు గానీ నల్లగుడ్డు మీద పొరని మానకుండా చేస్తుందట. ఇంకో వారం వేసుంటే కన్ను పోయేదన్నారు. మామూలుగా అయితే ఈ మంట ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. రెండో రోజుకీ తగ్గకపోయినా, చూపు మసకగా ఉన్నా డాక్టరు దగ్గరికి పోవడమే. ఆర్క్ ఎప్పుడూ వెంటనే తెలియదు, ఆరేడు గంటల తర్వాత అర్ధరాత్రి కొడుతుంది. అందుకే పనిలో ఉన్నప్పుడు "నాకేం కాలేదు" అనిపిస్తుంది.

కరెంటు_పని (9:05)
ఆగండాగండి. బోరు పైపుకి ఎర్త్ పెట్టానన్నాడు, అందరూ బంగాళాదుంప గురించి మాట్లాడుతున్నారేంటి? ముందు ఆ క్లిప్పు తీసేయండి సార్. పైగా దాన్ని ఎర్త్ అనడమే తప్పు. అది రిటర్న్. రాడ్డు నుంచి పోయిన కరెంటు మళ్ళీ మెషిన్‌కి రావాల్సిన దారి. ఎర్త్ అంటే మెషిన్ బాడీకి మూడో పిన్నులోంచి వచ్చేది. రెండూ వేరు.

గేట్ల_గుంటూరు (9:20)
వచ్చారండీ పుస్తకం సార్. మా షాపులో 22 ఏళ్ళుగా "ఎర్త్ పెట్టరా" అంటే కుర్రాడు క్లిప్పు తీసుకెళ్ళి పెడుతున్నాడు. "రిటర్న్ పెట్టరా" అంటే వాడు బస్సెక్కి ఇంటికెళ్ళిపోతాడు.

కరెంటు_పని (9:34)
పేరు మీ ఇష్టం, ఆవకాయ అని పెట్టుకోండి. జరిగింది చెబుతా. కిందటేడు ఒక ఇంట్లో స్విచ్‌బోర్డు కాలిందని పిలిచారు. అక్కడ వెల్డర్ క్లిప్పు మోటారు పైపుకి పెట్టాడు. చేసే ఫ్రేము ఇనప బాడీ ఉన్న కటింగ్ మెషిన్‌కి ఆనించి పెట్టాడు. మోటారుకీ ఎర్తింగ్ ఉంది, కటింగ్ మెషిన్‌కీ మూడో పిన్ను ఉంది. వెల్డింగ్ కరెంటుకి వేరే దారి లేదు. ఫ్రేములోంచి కటింగ్ మెషిన్‌లోకి, అక్కడి నుంచి సన్నటి ఎర్త్ వైరులోకి, గోడలోంచి మోటారు పైపుకి. 90 ఆంపియర్లు ఆ వైరు తట్టుకుంటుందా? గోడ లోపల తొడుగంతా కరిగిపోయింది. ఎంసీబీ పడలేదు, ఎందుకంటే అది ఇంటి ఫేజ్ కరెంటు కాదు. క్లిప్పు ఎక్కడ అతుకుతున్నారో ఆ ముక్కకే, తుప్పు గీకి, అతుకుకి దగ్గరగా పెట్టాలి. కేబుల్ చాలకపోతే కేబుల్ కొనాలి.

గేట్ల_గుంటూరు (9:41)
ముక్కకే పెట్టాలని నాకూ తెలుసు. నేను కాదన్నానా? పేరు దగ్గర ఎందుకు పాఠం అన్నాను.

జుబైల్_రిటర్న్ (10:10)
నేను సౌదీలో తొమ్మిదేళ్ళు పైపు వెల్డర్ని, సిక్స్‌జీ అనే కష్టమైన పైపు వెల్డింగ్ పరీక్ష పాస్. అక్కడ పర్మిట్ కాగితం లేకుండా రాడ్డు వెలిగిస్తే గేటు బయటికి పంపేస్తారు. చుట్టూ 35 అడుగుల్లో మండే వస్తువు ఉండకూడదు, ఉంటే తడి దుప్పటో ఫైర్ బ్లాంకెట్టో కప్పాలి. పని అయ్యాక కూడా ఫైర్ వాచర్, అంటే నిప్పు కాపలా మనిషి, అక్కడే ఉంటాడు. ఇక్కడ మనవాళ్ళు చెప్పులేసుకుని, టెరికాట్ చొక్కాలో, జేబులో లైటర్ పెట్టుకుని...

అరటితోట (10:18)
గేటు అతకడానికి పర్మిట్ ఎవరిస్తారన్నా, సర్పంచా?

జుబైల్_రిటర్న్ (10:25)
నవ్వు. తమ్ముడూ మేడమీద, నీ మేడ కింద ఏముంది? అది చెప్పు.

మేడమీద_షెడ్ (10:40)
గేదెల కొట్టం. పక్కన గడ్డివాము.

జుబైల్_రిటర్న్ (10:41)
చూశారా.

మేడమీద_షెడ్ (10:44)
సరే అన్నా, జరిపిస్తా. మీటరు సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మలేరియా_కాదు (11:30)
జీఐ పైపు అన్నారు కాబట్టి వచ్చాను. మా నర్సరీ షేడ్‌నెట్‌కి రెండు రోజులు జీఐ పైపులు అతికాను. తలుపులు వేసిన షెడ్డులో. తెల్లటి పొగ, దూదిపింజల్లా తేలుతూ ఉండేది. నోట్లో తియ్యగా, ఇనప రుచి. రాత్రికి వణుకుతూ చలి జ్వరం, కీళ్ళ నొప్పులు. మలేరియా అనుకుని రక్త పరీక్ష చేయించారు, ఏమీ లేదు. మర్నాటికి జ్వరం దానంతటదే పోయింది. ఇదంతా జింకు పూత పొగ వల్ల. ఆ పైపే కావాలంటే అతుకుకి రెండు వైపులా అంగుళమైనా గ్రైండర్‌తో పూత గీకేసి, ఆరుబయట, గాలి పక్క నుంచి వచ్చేలా నిలబడి చేయండి. మొహం ఆ పొగ పైకి వంచొద్దు.

అరటితోట (11:42)
మా వెల్డర్ లీటరు పాలు తాగి మొదలుపెడతాడు. బెల్లం కూడా తింటాడు. ఏమీ కాదు.

మలేరియా_కాదు (11:50)
పాలు పొట్టలోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రెండూ ఎక్కడ కలుసుకుంటాయండీ?

అరటితోట (11:53)
పాలు మంచివే కదా. తాగితే నష్టమేంటి?

చుక్కలమందు (12:05)
నష్టమేమీ లేదు, తాగాను కదా అని ధైర్యం వస్తుంది, అదే నష్టం. 2017లోనే ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన సంస్థ) వాళ్ళు వెల్డింగ్ పొగని క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో చేర్చారు. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియం ఉంటుంది, అది మామూలు ఇనుము కంటే ప్రమాదం.

గేట్ల_గుంటూరు (12:20)
క్యాన్సర్ దాకా తీసుకెళ్ళారు. కుర్రాడు రెయిలింగ్ చేసుకుంటాడండీ, పాపం. తమ్ముడూ నువ్వు ఆటో డార్క్ హెల్మెట్ ఒకటి కొనుక్కో, రాడ్డు వెలగగానే గ్లాసు దానంతటదే నల్లబడుతుంది. తలకి తొడుక్కుంటే రెండు చేతులూ ఖాళీ. రెయిలింగ్‌కి వాడే 12 నంబర్ రాడ్డుకి 10వ షేడ్ (గ్లాసు నలుపు నంబరు) సరిపోతుంది. కళ్ళజోడులా ఉండే ఆటో గాగుల్స్ కొనకు, మొహం మీద చర్మం ఊడుతుంది, మా కుర్రాడి మెడ పాము కుబుసంలా వచ్చింది.

కొత్తవెలుగు (12:33)
ఆటో డార్క్ ఒక్క క్షణం ఆలస్యమైనా కన్ను పోతుందని విన్నాను. కంట్లో కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్ళకి అవి గుడ్డుకి అతుక్కుపోతాయట కూడా.

చుక్కలమందు (12:45)
రెండోది పాత పుకారు, అలా అతుక్కోవు. మొదటిదాని సంగతి: మంచి కంపెనీ గ్లాసయితే నల్లబడకముందు కూడా అతినీలలోహిత కిరణాలని ఆపుతూనే ఉంటుంది, అది వేరే పొర. నల్లబడేది వెలుగు కోసం. పేరూ ఊరూ లేని చవక గ్లాసుకి మాత్రం నేను హామీ ఇవ్వను.

కరెంటు_పని (1:10)
షాక్ గురించి ఎవరూ ఎత్తలేదు. రాడ్డు వెలగనప్పుడే హోల్డరు దగ్గర వోల్టేజి ఎక్కువ, మెషిన్‌ని బట్టి 60 నుంచి 80 దాకా. వెలిగాక 20, 25కి పడిపోతుంది. అందుకే షాకులు రాడ్డు మార్చేటప్పుడే ఎక్కువ తగులుతాయి. చెమట చేతులు, తడి నేల, ఇనప ముక్క మీద కూర్చోవడం... ఈ మూడూ కలిస్తే 80 వోల్టులు చాలు.

కొత్తవెలుగు (1:18)
మా ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే పడిపోయే స్విచ్చు) ఉంది కదా, అది పడిపోతుంది.

కరెంటు_పని (1:26)
పడదు సార్! మెషిన్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, హోల్డరు పక్క కరెంటు ఇంటి లైనుతో కలవదు. ఆ లీకేజీ ఆర్‌సీసీబీకి కనబడదు. హోల్డరు వైపు మీకున్న ఆర్‌సీసీబీ పొడి తోలు గ్లవుజే.

గేట్ల_గుంటూరు (1:40)
ఇది మాత్రం కరెక్టు. ఒప్పుకుంటా. మా బాబాయి కొడుకు జూన్ నెలలో నీళ్ళ ట్యాంకు లోపల కూర్చుని పని చేస్తూ రాడ్డు చంకలో ఇరికించుకున్నాడు. బయట మనిషి ఉన్నాడు కాబట్టి మెయిన్ తీశాడు. ఇప్పటికీ వాడు ట్యాంకు పని ఒప్పుకోడు.

జుబైల్_రిటర్న్ (1:55)
ట్యాంకు లోపలంటే మా దగ్గర గ్యాస్ టెస్ట్ చేసి, బయట హోల్ వాచర్‌ని, అంటే కాపలా మనిషిని పెట్టి...

అరటితోట (1:58)
మళ్ళీ సౌదీ.

జుబైల్_రిటర్న్ (2:03)
అవును సౌదీ. తొమ్మిదేళ్ళలో పది వేళ్ళతో తిరిగొచ్చాను. మీ ఊళ్ళో ఖాళీ డీజిల్ డ్రమ్ము కోసి పొయ్యి చేద్దామని రాడ్డు పెట్టినవాళ్ళని అడుగు. ఖాళీ డ్రమ్మే పేలుతుంది, లోపల ఆవిరి ఉంటుంది కాబట్టి.

మేడమీద_షెడ్ (2:30)
మీటరు... ప్లగ్గు...

కరెంటు_పని (2:52)
సారీ సార్, మర్చిపోయాం. 12 నంబర్, అంటే రెండున్నర ఎంఎం రాడ్డు, 80 ఆంపియర్లు పెట్టారనుకోండి. ఇంటి లైను నుంచి సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, మంచి వైరింగ్ ఉంటే నడుస్తుంది. ఫ్యాన్ పెట్టే చిన్న ప్లగ్గులో పెట్టొద్దు. అంతకంటే లావుండే 10 నంబర్ రాడ్డు, 120 పెడితే 20 దాటిపోతుంది, దానికి విడిగా లైను లాగించండి. ఎక్స్‌టెన్షన్ చుట్ట మొత్తం విప్పి పరచండి, చుట్టలో ఉంటే వేడెక్కి కరుగుతుంది. డబ్బా మీద రాసిన 200ని నమ్మి నాబ్ చివరిదాకా తిప్పొద్దు.

మేడమీద_షెడ్ (ఆదివారం, సాయంత్రం 6:20)
అందరికీ థాంక్స్. కేబుల్ కొన్నా, హెల్మెట్ ఆర్డర్ పెట్టా. క్లిప్పు ముక్కకే పెట్టి ఇవాళ రెయిలింగ్ ఒక వైపు అయింది. ఫొటో పెడుతున్నా.

గేట్ల_గుంటూరు (6:31)
అతుకు పరవాలేదు, కింద కాస్త స్లాగ్ (అతుకు మీద పేరుకునే పెంకు) మిగిలింది. అది సరే, ఫొటోలో ఆ కాళ్ళేంటి? హవాయి చెప్పులు! ఇంతసేపూ మేం గోడతో మాట్లాడామా?

మేడమీద_షెడ్ (6:40)
ఆ కాళ్ళు నావి కాదన్నా, మా నాన్నవి. పాత చేతి గ్లాసుతో మొదలుపెట్టాడు, మధ్యాహ్నం నుంచి హోల్డరు నాకివ్వడం లేదు.

జుబైల్_రిటర్న్ (6:42)
గడ్డివాము జరిపారా?

మేడమీద_షెడ్ (6:47)
జరపడానికి మనిషి కావాలి కదా. నాన్న ఖాళీగా లేడు.