బెంగళూరు వంకాయ, సీమ బదనేకాయి

మొన్న ఆదివారం మడివాళ మార్కెట్లో ఒక బండి దగ్గర ఆగి, అలవాటు కొద్దీ 'బెంగళూరు వంకాయ ఎంత?' అన్నాను. బండాయన నవ్వాడు. 'ఇల్లి ఎల్లా బెంగళూరుదే సార్, ఇదు సీమె బదనేకాయి' అన్నాడు. అంటే ఇక్కడ అన్నీ బెంగళూరువే, ఇది సీమ వంకాయ అని. లేతాకుపచ్చ రంగు, పైన ముడతలు, అదే కాయ. అనంతపురంలో మా అమ్మకి అది బెంగళూరుది, బెంగళూరులో అది సీమది! సీమవాణ్ణి కదా, ఒక్క క్షణం పొంగిపోయాను.

కానీ ఈ సీమ మా సీమ కాదు. దొరల దేశం. సీమదొర, సీమ చింతకాయ, కన్నడంలో కిరసనాయిలుకి సీమె ఎణ్ణె, అన్నీ ఓడ దిగినవే. మరి కోనసీమ, పల్నాటిసీమ అన్నప్పుడు అదే మాట సొంతగడ్డ అవుతుంది. సంస్కృతంలో సీమ అంటే హద్దు. హద్దుకి ఇవతలిదీ సీమే, అవతలిదీ సీమే అయిందేమో. ఇది నా ఊహ, తప్పయితే తిట్టండి.

'రాయలసీమ' అన్న పేరుకి ఇంకా నూరేళ్ళు నిండలేదు. 1800లో నిజాం మా జిల్లాల్ని ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చేశాడు. అప్పట్నుంచి మేం 'సీడెడ్', తెలుగులో 'దత్త మండలాలు'. ఎవరో ఎవరికో రాసిచ్చిన పొలంలా ఉంటుంది ఆ మాట. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అందామన్నారు. ఆయన అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పినా, పుట్టింది ఉత్తరాంధ్రలో. మాకు పేరు పెట్టింది మావాడు కాదన్నమాట. నాకైతే అందుకే ఇంకా ముద్దు.

(కింద కామెంట్లలో)

కడప తమ్ముడు: అన్నా, సినిమావాళ్ళు కలెక్షన్ల లెక్కలో ఇప్పటికీ 'సీడెడ్' అనే కదా రాసేది. డిగ్రీ దాకా నేను విత్తనాల సీడ్ అనుకున్యా. వేరుశనక్కాయలు పండిస్తాం కదా అని!

నేను: పోస్టర్ మీద చూసినప్పుడల్లా నాకు కాలుతుంది తమ్ముడూ. మనల్ని ఇచ్చినోడూ లేడు, పుచ్చుకున్నోడూ లేడు, ఆ మాట మాత్రం ఉండిపోయింది.

బళ్ళారి అక్క: మాదీ దత్త మండలమేనప్పా, మర్చిపోవద్దు. 1953లో మైసూరులో కలిపారు. మా జేజి తెలుగులో మాట్లాడుతూనే ఆ కాయని సీమె బదనే అనేది. బెంగళూరు వంకాయ అని మీరే అంటారు.

నేను: అయితే అక్కా, పప్పులో వేస్తారా, కూటా?

బళ్ళారి అక్క: పప్పులోనే. తొక్క పారేయొద్దు, పచ్చడికి పనికొస్తుంది.