హోమ్ డేకేర్: కొరికే పిల్లాడిని టైమ్‌అవుట్‌లో కూర్చోబెడితే పేరెంట్స్ లాయర్ అంటున్నారు, ఏం చేయాలి?

ప్లేనో_అక్క:

అందరికీ నమస్తే. మేం డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. హెచ్4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీదున్న భార్యకో భర్తకో ఇచ్చే వర్క్ పర్మిట్) వచ్చాక మూడేళ్ళ కిందట ఇంట్లోనే డేకేర్ మొదలుపెట్టాను. స్టేట్‌లో రిజిస్టర్ చేయించుకున్న హోమే, చాటుమాటుగా నడిపేది కాదు. ఇప్పుడు ఐదుగురు పిల్లలు, అందులో నలుగురు మన తెలుగువాళ్ళ పిల్లలే.

ఒక బాబు ఉన్నాడు, మూడేళ్ళ మూడు నెలలు. ఇంకా సరిగ్గా మాటలు రాలేదు, రెండు మాటలు కలిపి అనలేడు. కోపం వస్తే కొరుకుతాడు. నెలన్నరలో ఇది నాలుగోసారి. మొన్న గురువారం ఏడాదిన్నర పాప చేతి మీద కొరికాడు, రెండు వరసల పళ్ళూ దిగిపోయి చుట్టూ నీలంగా కమిలిపోయింది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను సబ్బు నీళ్ళతో కడిగి, గుడ్డలో ఐస్ చుట్టి అద్దుతూ కూర్చున్నాను. బాబుని టైమ్‌అవుట్‌లో పెట్టాను. సాయంత్రం వాళ్ళమ్మకి చెప్తే "మా వాడు ఇంట్లో ఎవర్నీ కొరకడే" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి మెసేజ్. బాబు రాత్రంతా నిద్రపోలేదట, "డార్క్, డార్క్" అంటున్నాడట, చీకటి గదిలో పెట్టి హింసించారట. ఇక పంపం, డిపాజిట్ 500 డాలర్లు ఈరోజే జెల్‌లో (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) పంపండి, లేకపోతే లైసెన్సింగ్‌కి (డేకేర్‌లని చూసే స్టేట్ ఆఫీసు) కంప్లైంట్ ఇస్తాం, లాయర్‌తో నోటీసు పంపిస్తాం అని. అక్కడితో ఆగలేదు, మా ఏరియా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో నా పేరు చెప్పకుండా, నేనేనని అందరికీ తెలిసేలా రాసింది. దాంతో ఇంకో పేరెంట్ ఫోన్ చేసి "ఏంటక్కా విన్నాం" అంది.

చేరిన రోజు వాళ్ళాయన నవ్వుతూ ఏమన్నాడో తెలుసా, "అల్లరి చేస్తే ఒకటి తగిలించండి అక్కా, మాకేం అభ్యంతరం లేదు." నేనెప్పుడూ చెయ్యెత్తలేదు, దేవుడి మీద ఒట్టు. పైగా మానేసేటప్పుడు రెండు వారాల నోటీసు ఇవ్వాలని అగ్రిమెంట్‌లో ఉంది, ఆ లెక్కన వాళ్ళే నాకు బాకీ. వాళ్ళు నిజంగా కేసు వేయగలరా? గ్రూపులో గట్టిగా సమాధానం రాయమంటారా? టెన్షన్‌తో మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఇర్వింగ్_చిన్నబడి:

అమ్మాయీ, ముందు ఆ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయకు. అక్కడ రాసే ప్రతి అక్షరం రేపు స్క్రీన్‌షాట్ అవుతుంది, పైగా వేరే వాళ్ళ పిల్లాడి గురించి బయట మాట్లాడినట్టూ అవుతుంది.

నేను తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నా. టెక్సస్ రూల్స్‌లో టైమ్‌అవుట్ తప్పు కాదు, కానీ పిల్లల వయసులో ఒక్కో ఏడాదికి ఒక నిమిషం లెక్క, అంటే మీ బాబుకి మూడు నిమిషాలు. అదీ నీ కళ్ళ ముందే. చేయకూడనివాటి పట్టీ మాత్రం పెద్దది: కొట్టడం, గిల్లడం, కుదపడం, నోట్లో ఏదైనా పెట్టడం, ఎగతాళి చేయడం, అరవడం, బెదిరించడం, తిండికీ నిద్రకీ టాయిలెట్ అలవాటుకీ శిక్ష ముడిపెట్టడం, తాళం వేసిన గదిలోనో చీకటి గదిలోనో బాత్రూంలోనో పెట్టడం. మనం చిన్నప్పుడు బళ్ళో తిన్న తొడపాశాలు, గోడకుర్చీలు, గుంజీళ్ళు అన్నీ ఇందులోకే వస్తాయి. "అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తా" కూడా బెదిరింపే. తండ్రి "ఒకటి తగిలించండి" అన్నా, స్టాంపు పేపరు మీద రాసిచ్చినా చెల్లదు. అలా అన్నవాళ్ళే రేపు ముందు కంప్లైంట్ ఇస్తారు.

పేరెంట్స్‌కి ఇచ్చే పాలసీ కాగితంలో నీ డిసిప్లిన్ పద్ధతేంటో, ఏ పరిస్థితుల్లో పిల్లల్ని మాన్పిస్తావో ఉండాలి, దాని మీద వాళ్ళ సంతకం ఉండాలి. ఉందా? కొరికిన నాలుగుసార్లూ ఆరోజే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాశావా?

ఇంకో మాట, తప్పుగా అనుకోకు. నీ పోస్టు రెండుసార్లు చదివాను. పాపకి ఐస్ పెడుతూ కూర్చున్నానన్నావు, బాబుని టైమ్‌అవుట్‌లో పెట్టానన్నావు. నువ్వు సింక్ దగ్గరుంటే వాడు ఎక్కడ కూర్చున్నాడు? వాణ్ణి చూస్తున్నది ఎవరు?

ఇద్దరు_పిల్లల_తల్లి:

నేను డేకేర్‌కి పంపే వైపు మనిషిని, కొంచెం చేదుగా ఉన్నా చెప్తాను. మా అమ్మాయి రెండున్నరేళ్ళప్పుడు ఒకరోజు స్నానం చేయిస్తుంటే "ఆంటీ బాత్రూం, డోర్ క్లోజ్" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ రాత్రి నేనూ మెసేజ్ టైప్ చేశాను, మా ఆయన ఫోన్ లాక్కున్నారు కాబట్టి పంపలేదు. తీరా అడిగితే వాంతి చేసుకుందట, బట్టలు మార్చడానికి తీసుకెళ్ళారట. ఆ మాట ఆవిడ సాయంత్రం పికప్ అప్పుడే చెప్పి ఉంటే నాకు ఆ రాత్రి ఉండేదే కాదు.

రెండేళ్ళు, మూడేళ్ళ పిల్లలు ఊరికే అబద్ధం ఆడరండీ, కానీ సగమే చెప్తారు. మీరేమో ఆ తల్లికి వాడు కొరికిన సంగతే చెప్పారు, టైమ్‌అవుట్ సంగతి చెప్పారా? మీ పోస్టులో అది లేదు. ఆవిడ గ్రూపులో రాయడం మాత్రం తప్పే, అందులో ఆవిడని వెనకేసుకురాను.

ప్లేనో_అక్క:

ఇర్వింగ్ అక్కా, మీరు అడిగినప్పటినుంచి రెండు గంటలు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడైనా నిజం చెప్పాలి.

మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలైంది, ఆరు నెలలుంటారు. నేను పాప చెయ్యి కడుగుతుంటే బాబు వెనక నుంచి మళ్ళీ వచ్చి నా కాలు పట్టుకుని లాగుతున్నాడు. "అత్తయ్యా, వాణ్ణి కాస్త చూడండి" అన్నాను. ఆవిడ వాణ్ణి ఎత్తుకెళ్ళి లాండ్రీ రూమ్‌లో దించి, "ఇక్కడే ఉండు, బూచోడొస్తాడు" అని తలుపు దగ్గరగా వేశారు. ఆ గదికి కిటికీ లేదు, లైటు వేయలేదు. నేను వెళ్ళి చూసేసరికి వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని, ఒక సాక్సు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏడవడం లేదు. ఎంతసేపంటే, హాల్ కెమెరా చూస్తే నాలుగు నిమిషాల చిల్లర. అత్తయ్యది చెడ్డ ఉద్దేశం కాదు, మా ఆయన్నీ వాళ్ళ తమ్ముణ్ణీ ఇలాగే పెంచారు. ఆ పోస్టు రాసేటప్పుడు అది టైమ్‌అవుటే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇన్సిడెంట్ రిపోర్ట్ మొదటి రెండుసార్లు రాశాను, తర్వాత రాయలేదు. పాలసీ మీద సంతకాలు ఉన్నాయి.

ఇర్వింగ్_చిన్నబడి:

చెప్పావు, మంచిపని. ఇప్పుడు తిట్టనుగానీ ఉన్నదున్నట్టు చెప్తా.

మీ బాబు "డార్క్" అన్నది నిజమే. టైమ్ ఒక నిమిషం అటూఇటూ అయిందన్నది ఇక్కడ అసలు సంగతి కాదు. చీకటి గది ఒకటి, బెదిరింపు ఒకటి, చూసే మనిషి లేకపోవడం ఒకటి. దానికి మించి మీ అత్తయ్యగారి సంగతి. పిల్లలుండే వేళల్లో ఇంట్లో తరచూ ఉండే 14 ఏళ్ళు దాటిన ఎవరికైనా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలి, చుట్టపుచూపుగా వచ్చినా సరే. చేయించావా? మనవాళ్ళు సగం మంది ఇక్కడే బోల్తా పడతారు, అమ్మానాన్నలొచ్చి ఆరు నెలలుంటే వాళ్ళని ఇంట్లో మనిషే కదా అనుకుంటాం, లైసెన్సింగ్ దృష్టిలో అది వేరు. పైగా ఆవిడ విజిటర్ వీసా మీద ఉన్నారు. డబ్బులు తీసుకునే డేకేర్‌లో పిల్లల్ని చూసుకోవడం పని కిందికే వచ్చే ప్రమాదం ఉంది. "కాస్త చూడండి" అన్న మాట కూడా ఇక వద్దు. పిల్లలున్నంతసేపు ఆవిడ మేడ మీద ఉండనీ, టీవీ పెట్టివ్వు.

ఆ కెమెరా ఫుటేజ్ ఇవాళే వేరేచోట సేవ్ చెయ్. చాలా కెమెరాల్లో కొన్ని రోజులకి దానంతటదే చెరిగిపోతుంది. నీకు వ్యతిరేకంగా ఉంది కదా అని తీసేయాలన్న ఆలోచన వస్తే మాత్రం, వద్దు, అది అసలు తప్పు కంటే పెద్దదవుతుంది. రాయని రెండు రిపోర్టులు ఇప్పుడు రాస్తే ఇవాళ్టి తేదీయే వెయ్యి, పాత తేదీ వేయకు.

నా మీద ఒకసారి కంప్లైంట్ వచ్చింది (పిల్లాడికి మందు వేసిన టైము రాసుకోలేదని). ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వస్తుంది. ఫైళ్ళు చూస్తుంది, పిల్లల తల లెక్క చూస్తుంది, పిల్లలతో విడిగా మాట్లాడుతుంది. తప్పు తేలితే డెఫిషియెన్సీ అని రాసి స్టేట్ వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా చూడొచ్చు. దానికి ఒప్పుకోకపోతే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (మళ్ళీ పరిశీలించమని) అడగొచ్చు, గడువు ఆ లెటర్‌లోనే ఉంటుంది. నాకొచ్చిన డెఫిషియెన్సీ చూసి ఒక్కరు కూడా మాన్పించలేదు, కానీ ఆ నెల రోజులు నేను పడుకున్నది తక్కువ.

సెట్టుపల్లి_బుల్లోడు:

అయ్యబాబోయ్, నాలుగు నిమిషాలు గదిలో పెడితే ఇంత గొడవా. మా నాయనమ్మ నన్ను గడ్డివాములో కట్టేసింది, నేను ఇంజినీర్ అవ్వలేదా.

ఇద్దరు_పిల్లల_తల్లి:

అయ్యారు సరే, ఇప్పటికీ మర్చిపోలేదు కదా.

హ్యూస్టన్_బావ:

మా ఆవిడ హోమ్ డేకేర్ నడుపుతుంది, కాగితాలన్నీ నేను చూసుకుంటాను. లాయర్ని కాదు, కానీ ఫీజు ఎగ్గొట్టిన పార్టీ మీద జేపీ కోర్టుకి (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు) వెళ్ళినవాణ్ణి, ఆ అనుభవంతో చెప్తున్నా.

మొట్టమొదట మీ లయబిలిటీ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేయండి, ఇవాళే. టెక్సస్‌లో రిజిస్టర్డ్ హోమ్‌కి ఒక్కో ఘటనకి 300,000 డాలర్ల కవరేజీ ఉండాలి. తీసుకోలేకపోతే ఆ సంగతి పేరెంట్స్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. నోటీసు వచ్చాక చెబుదాంలే అనుకుంటే ఆలస్యం చేశారని వాళ్ళు కొర్రీ పెట్టొచ్చు. లాయర్ని ఇవ్వాల్సి వస్తే వాళ్ళే ఇస్తారు. లైసెన్సింగ్ వాళ్ళు దీన్ని మామూలు రూల్ ఉల్లంఘనగా కాకుండా నెగ్లెక్ట్ (పిల్లాణ్ణి నిర్లక్ష్యం చేశారన్న) ఆరోపణగా తీసుకుంటే మాత్రం స్టేట్‌మెంట్ ఇచ్చే ముందు మీ లాయర్‌తో మాట్లాడండి, వీసా మీదున్నాం కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా. దాచమని కాదు, అబద్ధం అసలే వద్దు.

డబ్బు సంగతి. జేపీ కోర్టులో 20,000 డాలర్ల దాకా దావా వేసుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు. మీ అగ్రిమెంట్ ప్రకారం మీరు గెలవొచ్చు కూడా. కానీ మీరు రెండు వారాల ఫీజు అడిగిన మరుక్షణం వాళ్ళు కౌంటర్ వేస్తారు, లాండ్రీ రూమ్ జడ్జి ముందుకొస్తుంది. మేం 640 డాలర్లకి మూడుసార్లు సెలవు పెట్టి తిరిగాం, గెలిచాం, వసూలు మాత్రం ఇంకా కాలేదు. నేనైతే డిపాజిట్ తిరిగిచ్చేసి, నోటీసు ఫీజు వదిలేస్తాను.

డబ్బిచ్చి "ఇక కేసు వేయం" అని రాయించుకుందాం అనుకుంటున్నారేమో, దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. తల్లిదండ్రులు తమ తరఫున వదులుకోగలరు గానీ పిల్లాడి హక్కుని ఒక చిన్న కాగితంతో వదిలేయలేరు. గాయం కేసుల్లో పిల్లాడికి 18 నిండేదాకా గడువు మొదలవదు, ఆ తర్వాత 2 ఏళ్ళు. కాబట్టి వాడి ఫైలు పారేయకండి.

గ్రూపులో రాసినదాని మీద పరువు నష్టం వేస్తానన్న ఆలోచన ఉంటే అదీ ఆపండి. దానికి గడువు ఒక ఏడాదే. అదీగాక వాళ్ళు రాసింది చాలావరకు నిజమని తేలితే ఏం మిగులుతుంది? టెక్సస్‌లో 2011 నుంచి ఒక చట్టం ఉంది, మాట్లాడే హక్కు మీద వేసిన కేసని కొట్టేస్తే అవతలివాళ్ళ లాయర్ ఖర్చు కూడా మీ నెత్తినే.

ఇంకొకటి ఎవరూ అనలేదు. మూడేళ్ళు దాటినా రెండు మాటలు కలపలేడన్నారు. వాడు కొరకడం అల్లరి కాకపోవచ్చు, నోటితో చెప్పలేనిది పళ్ళతో చెప్తున్నాడేమో. మూడేళ్ళ నుంచి స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళే ఉచితంగా పరీక్ష చేస్తారు. ఇళ్ళల్లో నడిపే డేకేర్‌లకి కూడా ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళపై వివక్ష చూపకూడదనే) చట్టం వర్తిస్తుంది, ఏదైనా వైకల్యం ఉన్న పిల్లాణ్ణి చిన్నచిన్న మార్పులు కూడా ప్రయత్నించకుండా మాన్పిస్తే అది వేరే కేసు. ఈసారి వాళ్ళే మానేశారు కాబట్టి బతికిపోయారు, తర్వాతి పిల్లాడికి గుర్తుంచుకోండి.

ప్లేనో_అక్క:

వారం తర్వాత వచ్చాను, అడిగిన వాళ్ళ కోసం.

ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాను. వాళ్ళిచ్చిన లాయరమ్మతో మాట్లాడాక లైసెన్సింగ్ ఇన్‌స్పెక్టర్‌కి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ బుధవారం వచ్చింది, లాండ్రీ రూమ్ తలుపు తీసి, లైటు స్విచ్ బయట వైపు ఉండటం ఫొటో తీసుకుంది. రెండు డెఫిషియెన్సీలు రాస్తానంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌ది ఒకటి, డిసిప్లిన్‌ది ఒకటి. పెద్దగా ఏం అనలేదు గానీ, ఆవిడ రాసుకుంటున్నంతసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. మిగతా నలుగురి పేరెంట్స్‌కీ విడివిడిగా నేనే చెప్పాను. ఒకరు మాన్పించారు. బాబు కొరికిన పాప వాళ్ళమ్మ మాత్రం పంపుతోంది.

500 తిరిగిచ్చేశాను. బాబు వాళ్ళమ్మకి లాయరమ్మ చూసి సరేనన్న రెండు లైన్లు రాశాను, వాడు చెప్పింది నిజమే, గది చీకటిగానే ఉంది అని. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నిన్న గ్రూపు తెరిచి చూస్తే ఆ పాత మెసేజ్ తీసేసి ఉంది. లాయర్ నోటీసు ఇంతవరకు రాలేదు, వస్తుందేమో తెలీదు.

అత్తయ్య నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. పొద్దున ఎనిమిదికి పిల్లలు రాగానే తనంతట తనే మేడ మీదికి వెళ్ళిపోతున్నారు. నిన్న మధ్యాహ్నం కిందికొచ్చి, "ఆ సాక్సు వాడిదేనా?" అని అడిగారు. ఉతికి మడతపెట్టి ఉంచారు.