సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఆయిల్ పెయింట్ ఎందుకు నిలవడం లేదు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

పెదవాల్తేరు నివాసి
అందరికీ నమస్కారం. మా ఇల్లు విశాఖపట్నంలోని పెదవాల్తేరులో ఉంది. అక్కడినుంచి తీరానికి నడిచి పది నిమిషాలు పడుతుంది. నిరుడు సెప్టెంబరులో కిటికీ గ్రిల్స్‌కు, గేటుకు, మూడు తలుపులకు ఆయిల్ పెయింట్ వేయించాము. ఏడాది తిరిగేసరికి గ్రిల్స్ మీద, ముఖ్యంగా ఊచలు బద్దీలకు వెల్డింగు చేసిన చోట్ల, రంగు బుడగలుగా పొంగి లోపలినుంచి తుప్పు బయటపడింది. గేటు గొట్టాలకు తుప్పు లేదు గాని, గోటితో గీకితే చాలు, రంగు పొరలు పొరలుగా ఊడి వస్తోంది. స్నానాలగది తలుపు వానాకాలమంతా చట్రంలో బిగుసుకుపోయి తెరవడానికే కష్టమైంది. మేస్త్రి ఒక్కరే, రంగు కొన్న దుకాణం ఒక్కటే, అయినా మూడు చోట్ల మూడు రకాల నష్టం ఎందుకు కలిగిందో నాకు బోధపడలేదు. సంక్రాంతిలోగా పని మళ్లీ చేయించాలి. ఈసారి కారణం తెలుసుకున్న తరువాతే డబ్బు ఖర్చు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

భీమిలి రోడ్డు
మీ గ్రిల్స్ సంగతి చదువుతుంటే మా ఇల్లే గుర్తుకు వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మా కిటికీలు, డాబా మీది రెయిలింగు, మెట్ల కమ్మీలు అన్నీ ఉప్పునీటి తుంపరలో తడిసిపోయాయి. నెల తరువాత మేము చేసిందల్లా గరుకు కాగితంతో రుద్దించి, ఇనుముకు రంగు కంటె ముందు వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత, దాని మీద ఆయిల్ పెయింట్ రెండు పూతలు వేయించడమే. వచ్చే వానాకాలానికే మొత్తం పొంగిపోయింది. తప్పు రంగుది కాదు. ఇనుము మీద పేరుకున్న ఉప్పును మేము కడగలేదు. గరుకు కాగితం తుప్పును తీస్తుంది గాని, తుప్పు తిన్న గుంటల్లోకి దిగిన ఉప్పును తీయలేదు. పైన ఎంత మంచి రంగు వేసినా ఆ ఉప్పు గాలిలోని తేమను రంగు పొరగుండా లోపలికి లాగుకుంటుంది. బుడగలకు మూలం అదే.

అప్పటినుంచి మేము అనుసరిస్తున్న పద్ధతి ఇది. ముందుగా మంచినీటితో గ్రిల్స్‌ను రుద్ది కడిగి, ఆరిన తరువాత వైరు బ్రష్షుతో తుప్పు వదిలించి, మళ్లీ ఒకసారి మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ పూటే ప్రైమరు వేయిస్తాము. మరునాటికి వాయిదా వేస్తే రాత్రి గాలికి సన్నటి ఎర్ర తుప్పు మళ్లీ తేలుతుంది. కడగడానికి నీళ్లెందుకు, తుప్పు పడుతుందని పనివారు అభ్యంతరం చెబుతారు. దగ్గర నిలబడి చేయించుకోవలసిందే.

కంచరపాలెం రంగుల మేస్త్రి
నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. భీమిలి రోడ్డు గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి రెండు మాటలు కలుపుతాను.

మొదటిది కాలం. సెప్టెంబరులో వేయించామన్నారు. వానలు తగ్గని ఆ నెలలో, గాలి చెమ్మగా ఉన్నప్పుడు, మన ఊళ్లో బయటి ఇనుముకు ఆయిల్ పెయింట్ వేయడం నాకు సమ్మతం కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. ఆ రోజుల్లో కూడా తెల్లవారుజామున ఇనుము మీద మంచు పట్టి ఉంటుంది కనుక, చేతితో తాకి చూసి, చెమ్మ లేదని తెలిసిన తరువాత తొమ్మిది గంటల ప్రాంతంలో మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడు గంటలకల్లా కుంచె కింద పెట్టాలి. సాయంత్రం సముద్రం మీదినుంచి వచ్చే తడిగాలి పచ్చి రంగును తాకితే మెరుపు చచ్చి పాలిపోతుంది.

రెండవది గేటు. అది జి.ఐ. గొట్టాలతో చేసిందేమో కనుక్కోండి. జి.ఐ. గొట్టానికి జింకు పూత ఉంటుంది. దాని మీద రెడ్ ఆక్సైడ్ గాని, ఆయిల్ పెయింట్ గాని నేరుగా వేస్తే మీరు చెప్పినట్టే పొరలుగా లేస్తుంది. జింకు మీద పట్టు నిలిచేందుకు ఎచ్ (etch) ప్రైమరు అని వేరే దొరుకుతుంది. దుకాణంలో అడిగి తీసుకోండి.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. రంగు పలుచన చేయడానికి మినరల్ టర్పెంటైన్ బదులు కిరసనాయిలు కలిపే అలవాటు కొందరికి ఉంది. కిరసనాయిలు ఆలస్యంగా ఆవిరవుతుంది; రంగు రోజుల తరబడి జిగటగా ఉండి దుమ్మును, ఉప్పును పట్టుకుంటుంది. డబ్బా మూత తీసేటప్పుడు, థిన్నరు కలిపేటప్పుడు యజమాని దగ్గర ఉంటే పనివాడికి అవమానమేమీ కాదు.

మద్దిలపాలెం విశ్రాంత అధ్యాపకుడు
రసాయనశాస్త్రం బోధించినవాడిని కనుక మేస్త్రి గారు అనుభవంతో చెప్పినదానికి కారణం వివరిస్తాను. నీటి రంగు ఆరడమంటే ముఖ్యంగా అందులోని నీరు ఆవిరి కావడమే. ఆయిల్ పెయింట్ సంగతి వేరు. టర్పెంటైన్ కొన్ని గంటల్లో ఆవిరైపోయినా, మిగిలిన నూనె గాలిలోని ఆమ్లజనిని పీల్చుకుని, అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టి పొరగా మారుతుంది. ఈ పనికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. అందుకే ఒకే పూత దట్టంగా వేస్తే పైభాగం ముందు గట్టిపడి, లోపలికి గాలి అందక కిందిభాగం మెత్తగా ఉండిపోయి, ఉపరితలం ముడతలు పడుతుంది. పలుచని రెండు పూతలు దట్టమైన ఒక పూత కంటె మేలు.

ఇక జింకు విషయం. ఆయిల్ పెయింట్‌లోని కొవ్వు ఆమ్లాలు జింకుతో కలిసి ఒక విధమైన సబ్బు పొరను ఏర్పరుస్తాయి. రంగుకు లోహానికి నడుమ సబ్బు ఉంటే పట్టు ఎలా నిలుస్తుంది? కొత్త సిమెంటు గోడ మీద ఆయిల్ పెయింట్ పాడవడానికి కారణం కూడా ఇటువంటిదే: సిమెంటులోని, సున్నంలోని క్షారం నూనెను సబ్బుగా మారుస్తుంది.

నూనె ఆమ్లజనిని పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుందన్న విషయం మాత్రం ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. తలుపుకు పరచిన రంగులో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అవిసె నూనెతో గాని, నూనె వార్నిష్‌తో గాని తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, నిప్పురవ్వ తగలకుండానే అవి అంటుకోగలవు. పని ముగిశాక ఆ గుడ్డలను విడివిడిగా, ఆరుబయట, మంటకు దూరంగా పరచి ఆరవేయండి, లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి. గోనెసంచిలో కుక్కి మెట్ల కింద పెట్టడం చాలా ఇళ్లలో చూశాను. చూసినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది.

పెదవాల్తేరు నివాసి
అందరికీ కృతజ్ఞతలు. విచారించాను, గేటు జి.ఐ. గొట్టాలతో చేసినదేనట. మరొక సందేహం. మా అమ్మగారు వంటగది గోడలకు పూర్వంలాగే నాలుగడుగుల ఎత్తు వరకు ఆయిల్ పెయింట్ వేయించమంటున్నారు. జిడ్డు తుడిస్తే పోతుందని ఆవిడ మాట.

సీతమ్మధార గృహిణి
అమ్మగారి మాటలో న్యాయం ఉంది. పోపు జిడ్డుకు అంతకంటె సులువుగా తుడుచుకునే రంగు ఒకప్పుడు లేదు. మా అత్తగారింట్లోనూ అలాగే ఉండేది. అయితే గోడకు అవతలివైపు స్నానాలగది గాని, వాన కొట్టే బయటి గోడ గాని ఉంటే వేయించకండి. ఆయిల్ పెయింట్ గోడలోని చెమ్మను బయటికి పోనివ్వదు. మా ఇంట్లో అది పెచ్చులతోపాటు లప్పాన్ని కూడా ఊడబెరికింది. పైగా తెల్లరంగు వేయించకండి. వెలుతురు తక్కువగా ఉండే చోట తెల్ల ఆయిల్ పెయింట్ పసుపు తిరుగుతుంది. మా పూజగదిలో దేవుడి పటాలు తీసి చూస్తే వాటి వెనుక గోడ పాత కాగితంలా కనిపించింది. ఇప్పుడు నీటితో కలిపే ఎనామెల్ దొరుకుతోంది. పసుపు తిరగదు, వాసనా తక్కువే. పాత ఆయిల్ పెయింట్ మీద అది వేయించేటట్లయితే ముందు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దించాలి, లేకపోతే పట్టుకోదు.

పాత రంగు ఏ రకమో తెలియకపోతే దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్ది చూడండి. మామూలు ఎమల్షన్ (గోడలకు వేసే నీటి రంగు) అయితే మెత్తబడి దూదికి అంటుకుంటుంది. ఆయిల్ పెయింట్ చెక్కుచెదరదు.

గోపాలపట్నం
రుద్దించే ముందు దయచేసి ఇంటి వయసు చూడండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ ధూళి నేల మీద, పరుపుల మీద పడి పసిపిల్లల నోటికి చేరుతుంది. వారి మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని తరువాత తీర్చలేనిది. నీళ్లు చల్లుతూ తడి కాగితంతో రుద్దించి, ధూళిని చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తించాలి. మా పాప రెండేళ్లది. పని జరిగిన పది రోజులూ తనను, తన తల్లిని అమ్మమ్మగారింటికి పంపాను.

కంచరపాలెం రంగుల మేస్త్రి
తలుపు మాట ఎవరూ ఎత్తలేదు. దానిని బందుల నుంచి విప్పించి కింది అంచు, పై అంచు చూడండి. అక్కడ రంగు పడని చెక్క కనిపిస్తే తలుపు బిగుసుకోవడానికి కారణం అదే. ముందు, వెనుక ఎన్ని పూతలు వేసినా, ఆ అంచుల్లో చెక్క నరాలు తెరుచుకుని ఉంటాయి కనుక చెమ్మను పీల్చి తలుపు ఉబ్బుతుంది. వానాకాలంలో చిత్రిక పట్టించకండి; వేసవికి సందు ఏర్పడుతుంది. డిసెంబరులో చెక్క ఆరిన తరువాత, అప్పటికీ బిగువుగా ఉంటేనే కొద్దిగా పట్టించి, నాలుగు అంచులకూ ప్రైమరు, రెండు పూతలు వేయించండి.

పెదవాల్తేరు నివాసి
భోగికి రెండు రోజుల ముందు పని పూర్తయింది. తలుపు కింది అంచుకు నిజంగానే రంగు చుక్క కూడా లేదు. అయితే విప్పి ఎండలో నిలబెట్టేసరికి చిత్రిక అవసరమే రాలేదు. గ్రిల్స్‌ను రెండుసార్లు కడిగించాము. మొదటిసారి కారిన నీటిని నాలుకకు తాకించి చూస్తే ఉప్పగా ఉంది. గేటుకు పాత రంగంతా గీకించి ఎచ్ ప్రైమరు వేయించాను. వంటగదికి అమ్మగారిని ఒప్పించి లేత ఆకుపచ్చ నీటి ఎనామెల్ వేయించాము. కుంచెలు కడిగిన టర్పెంటైన్ లీటరు దాకా మిగిలింది. దానిని ఏమి చేయాలి?

మద్దిలపాలెం విశ్రాంత అధ్యాపకుడు
కాలువలో పోయకండి. గాజు సీసాలో పోసి, మూత బిగించి, వారం రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగుకు దిగిపోతుంది. పైన తేరిన ద్రవాన్ని మెల్లగా వేరొక సీసాలోకి వంచుకుని, పేరు రాసి అంటించి, పిల్లలకు అందని చోట, పొయ్యికి దూరంగా దాచుకోండి. వచ్చే ఏడు కుంచెలు కడగడానికి పనికివస్తుంది.